వక్కాకు సంచి

మా ఆయన అందరి ఫోన్లూ ఖాళీ నీళ్ల బిందెలో వేయించిన రోజు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు గానీ, ఆ పొద్దు మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. మండలంలో పెద్దమనుషులని పేరున్న ఎంపీటీసీలు తెల్ల చొక్కాలు తొడుక్కుని, పెళ్లికి బయల్దేరినట్టు మా వాకిట్లో వరసగా నిలబడి ఉంటే, హనుమేష్ బిందె పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ పోతున్నాడు. రెండు ట్రాక్టర్ల ఆసామి, అయినా పొద్దస్తమానం మా ఆయన వెంటే తిరిగే మనిషి. ఫోన్ పడ్డప్పుడల్లా బిందె ఠంగుమంటోంది. నేను రోజూ మంచినీళ్లు పట్టే బిందె అది.

కార్తీకం మొదట్లో సంగతి ఇది. చేలల్లో పత్తి సగం తీసి సగం అట్లాగే ఉంది. కోసిగి దాటినాక వచ్చే మా జాలిదొడ్డిలో ఆ నెలలో ఎవరికీ తల గోక్కునే తీరిక ఉండదు. అప్పుడే తెచ్చిపెట్టారు మా ఆయన మీద అవిశ్వాసం.

మా ఆయన ఓబుళేశు. వార్డు మెంబరుగా మొదలై, ఉపసర్పంచై, సర్పంచై, ఎంపీటీసీగా గెలిచి, మండలాధ్యక్షుడిదాకా ఎక్కిన మనిషి. ఊళ్లో అందరికీ ప్రెసిడెంటే. పేరు పెట్టి "ఓబులా" అని పిలిచేది వాళ్లమ్మ ఒక్కతే. పైన ప్రభుత్వం మారాక మావైపు సభ్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆదోని నుంచి ఆఫీసరు వచ్చి చేతులెత్తమంటాడు, లేవాల్సినన్ని చేతులు లేస్తే ఈయన కుర్చీ దిగాలి. అవతలి వాళ్లకు ఇంకొక్క చెయ్యి దొరికితే చాలు. అందుకని మిగిలినవాళ్లను క్యాంపుకు తీసుకుపోతున్నాడు. క్యాంపంటే మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఓటు రోజుదాకా సభ్యులను ఎక్కడో దూరంగా లాడ్జిలో పెట్టి, వేళకు ఇంత తిండి పెట్టి, బయటి మనిషితో మాట్లాడనివ్వకుండా, చివరికి తెచ్చి ఆఫీసు మెట్ల దగ్గర దించడం.

ఒకతను ఫోన్ వేయడానికి వెనకాడాడు. భార్యకు నెలలు నిండాయట. మా ఆయన ముందుగా తన ఫోన్ తీసి బిందెలో వేసి, అతని భుజం మీద చెయ్యి వేసి, వాకిలంతా వినపడేటట్టు అన్నాడు.

"ఇంటికాడ నుంచి ఏ కబురొచ్చినా అబద్ధమే అనుకోండప్పా. మీ ఇంటిదే కాదు, నా ఇంటిదైనా అంతే. మాయమ్మ పోయిందని వచ్చి చెప్పినా సరే, చేతులెత్తేది అయ్యేదాకా నా చెవిన వెయ్యొద్దు. ఇన్నావా హనుమేషూ?"

"ఇన్నానన్నా" అన్నాడు హనుమేష్.

మా అత్త చెన్నమ్మ అరుగు మీదే ఉంది. పళ్లు లేని మనిషి కాబట్టి చిన్న ఇనుప రోట్లో వక్కా ఆకూ దంచుకుంటోంది. రోకలి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది. అంతే. వినపడలేదేమోలే అని నా మనసుకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆమెకు చీమ నడిచినా వినపడుతుందని నాకు తెలియదా!

బయల్దేరే ముందు ఆయన వచ్చి తల్లి కాళ్లకు మొక్కాడు. ఆమె నడుముకు కట్టుకున్న వక్కాకు సంచి విప్పి, సగం ఆకు తుంచి ఆయన ముందుకు చాపింది. ఊరికి పోతున్న కొడుకుకు ఆకు ఇచ్చి పంపడం ఆమె అలవాటు. తీసుకోకపోవడం ఆయన అలవాటు. చిన్నప్పుడెప్పుడో నమిలి వాంతి చేసుకున్నాడట. అప్పటి నుంచి ఆకు వాసనే పడదు.

"నాకు పడదు కదమ్మా" అని నవ్వాడు. ఆమె ఆ సగం ఆకు తన నోట్లోనే వేసుకుంది. వ్యాన్లు రెండూ వీధి మలుపు తిరిగిందాకా చూసి, "వాడు అట్లనకుండా ఉండాల్సింది" అంది నాతో.

కబురు అబద్ధమనుకోమని ఆయనెందుకన్నాడో చెప్పాలంటే నాలుగేళ్లు వెనక్కి పోవాలి. అధ్యక్షుడి ఎన్నికప్పుడు రెండు వర్గాలకూ సభ్యులు సమానంగా వచ్చారు. అవతలి వాళ్ల క్యాంపు బెంగుళూరు పక్కన. ఆ క్యాంపులో లక్ష్మన్న అని ఒక సభ్యుడు. మా వీధి చివరే ఇల్లు, నెమ్మదైన మనిషి, రాజకీయం కంటే ఎద్దులంటే ప్రాణం. ఓటుకు ముందురోజు లాడ్జి వాచ్‌మన్ ద్వారా ఆయనకు కబురు పోయింది, మీ అమ్మ చివరి ఘడియల్లో ఉంది, నీ పేరే కలవరిస్తోందని. పంపింది మావాళ్లే. లక్ష్మన్న ఎవరికీ చెప్పకుండా గోడ దూకి, దొరికిన బస్సెల్లా ఎక్కి, ఊరి పొలిమేరలో దిగినప్పటి నుంచి గొంతెత్తి ఏడుస్తూ వీధి వెంట పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే వాళ్లమ్మ ఉరుకుందమ్మ గడప మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. "ఎవరు పోయినార్రా?" అని అడిగిందట కొడుకును.

ఆయన మళ్లీ తిరిగి పోయేసరికి ఎన్నిక అయిపోయింది. ఒక్క ఓటుతో మా ఆయన ప్రెసిడెంటయ్యాడు. ఊరు ఊరంతా నవ్వింది. లక్ష్మన్న వీధిలో కనపడితే చాలు, పిల్లకాయలు "అమ్మా అమ్మా" అని ఏడ్చినట్టు నటించేవాళ్లు. నవ్వనిది మా అత్త ఒక్కతే. కొడుకుకు సన్మానం జరుగుతుంటే ఆమె ఉరుకుందమ్మ ఇంటికి పోయి, ఆమెతో కలిసి కొర్రన్నం తిని వచ్చింది. ఇద్దరూ ఒకే ఏడు ఈ ఊరికి కాపురానికి వచ్చినవాళ్లు. రాత్రి కొడుకు అన్నానికి కూర్చుంటే, "బతికుండేదాన్ని చంపి ఎక్కినావు కదప్పా కుర్చీ" అని ఒక్క మాట అంది. ఆయన, రాజకీయంలో ఇవన్నీ మామూలేనమ్మా అన్నాడు.

అట్లాగని కొడుకంటే ప్రేమ లేదా అంటే, అయ్యో, అదొక్కటే ఉండేది ఆమెకు! బడి గోడకు ఒక శిలాఫలకం ఉంది, ప్రహరీ కట్టించినప్పటిది. పైన పెద్దపెద్దవాళ్ల పేర్లు, అన్నిటికన్నా అడుగున మా ఆయన పేరు. చదువు రాని మనిషి, చేనికి పోయేటప్పుడల్లా అక్కడ ఆగి, వేలితో ఆ చివరి వరస తడిమి పోయేది. "అడుగున ఉండాది గనకే నా చేతికి అందుతాండాది" అనేది నవ్వుతూ.

క్యాంపు పోయిన మూడో నాడో నాలుగో నాడో ముసురు పట్టింది. కూలీలంతా అప్పటికే గుంటూరు వైపు పత్తితీతలకు లారీలెక్కి పోయారు. దొరికినవాళ్లతో నేను తీస్తుంటే, తడిస్తే పత్తి నల్లబడుతుందని మా అత్త పత్తి వేసుకునే వడి కట్టుకుని చేలోకి దిగింది. వద్దంటే వినే మనిషి కాదు. నేను కసురుకుంటే, "నీ మొగుడు చేతులు లెక్కబెట్టుకుంటా యాడనో కూసున్నాడు, ఈడ చేతులు తక్కువ పడినాయి, నేను తీయక ఎవరు తీస్తారే?" అని ఎదురు కసిరింది. మూడు పూటలు సన్న జల్లులోనే తీసింది. మూడో పూట సాయంత్రానికి ఒళ్లు కాలిపోతోంది.

జ్వరమే కదా అనుకున్నాం. ఊరి ఆర్‌ఎంపీ సూది వేశాడు. మర్నాటికి ఆయాసం వచ్చింది. వ్యాను మాట్లాడుకుని ఆదోని తీసుకుపోయాను. అక్కడ రెండు రోజులు ఉంచుకుని, ఊపిరితిత్తుల నిండా నెమ్ము చేరిందని, ఈ వయసులో మందులు పట్టడం లేదని, ఇక ఇంటికి తీసుకుపోయి చూడాల్సినవాళ్లను పిలిపించుకోమని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. నేను కర్నూల్లో చదువుకుంటున్న పిల్లలకు ఫోన్ చేశాను. ఇక చూడాల్సినవాడు ఒక్కడే మిగిలాడు.

ఎక్కడని వెతకను? మొదట శ్రీశైలం తీసుకుపోయి మల్లన్న ముందర అందరిచేతా ప్రమాణం చేయించారట. అక్కడి నుంచి ఎక్కడికి పోయారో ఊళ్లో ఎవరికీ తెలియదు. క్యాంపులో మోగే ఫోన్ హనుమేష్‌ది ఒక్కటే. అదీ మా ఆయనకు అవసరమైనప్పుడే తెరుస్తాడు. వ్యానులో మా అత్త తల ఒడిలో పెట్టుకుని దారి పొడవునా చేస్తూనే ఉన్నాను. ఊరు దగ్గర పడుతుండగా ఎత్తాడు.

చెప్పాను. అత్తకు బాగలేదని, ఆదోనిలో చేతులెత్తేశారని, ఈ రాత్రికో రేపటికో అన్నట్టుందని, ఒక్కసారి ఆయనకివ్వమని. హనుమేష్ అంతా విన్నాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

"నీ చేత ఎవరు చెప్పిస్తాండారొదినా? పక్కన ఎవరన్నా ఉండారా?"

నేను నోరు తెరిచేలోపే హనుమేష్ మళ్లీ అన్నాడు, భయపడొద్దని, అన్న ముందే చెప్పాడని, ఎల్లుండి చేతులెత్తేది అయిపోతానే అన్నను తనే తీసుకొస్తానని. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. నేను తిట్టిన తిట్లకు వ్యాను డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. మా అత్త కళ్లు మూసుకునే నా చెయ్యి పట్టుకుంది.

"వాని తప్పేముండాది, చెప్పొద్దన్నారు, చెప్పడు" అంది. "నువ్వు గమ్మునుండు."

అట్లా అంటూనే, ఇంట్లో పడుకోబెట్టాక మంచం వాకిలి వైపు తిప్పమంది.

సాయంత్రం ఉరుకుందమ్మ చూడ్డానికి వచ్చింది. వెనకే లక్ష్మన్న. ఈసారి ఆయన ఏ క్యాంపుకూ పోలేదు. రెండు వైపుల నుంచీ వచ్చి బతిమాలినా, ఓటు రోజు మా చేనికాడ నుంచే నేరుగా వస్తా, అంతవరకూ ఎద్దుల్ని ఇడిసి యాడికీ రానని చెప్పాడు. ఓటు మాత్రం మా ఆయనకు పడదని ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. అవతలి వాళ్లు లెక్క పెట్టుకున్న ఆ ఒక్క చెయ్యి ఆయనదే. మా గడప తొక్కింది మాత్రం నాలుగేళ్ల తర్వాత అదే మొదలు. మంచం పక్కన నిలబడి మా అత్తను చూశాడు. ఆమె ఎగశ్వాస చూశాడు. బయటికి వచ్చి నన్ను పిలిచాడు.

"హోస్పేట డ్యాం కాడ ఉండారు వదినా. నన్ను గూడా రమ్మన్నారు గదా, అట్ల తెలుసు. పొద్దున్నే బండేసుకుని పోయి చెప్పొస్తా."

నువ్వా అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

"ఆ దావలో నేను ఏడ్చుకుంటా వచ్చినా వదినా ఒకసారి. అది ఎట్లుంటాదో నాకు తెలుసు. ఎవరో ఒకరు చెప్పాల గదా."

ఆయన ముఖం చూసి ఎవరు నమ్మకపోయినా నేను నమ్మాను. కానీ మా ఆయన నమ్మాలి కదా. ఊళ్లో ఎవరిని పంపుదామన్నా మావైపు మగవాళ్లంతా క్యాంపుకు కాపలాగానే పోయారు. నా పిల్లలు ఇంకా దారిలో ఉన్నారు. ఆలోచించి మా అత్త దగ్గరికి పోయి, సంచి ఇవ్వమని అడిగాను. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ సంచి ఆమె నడుము దిగడం ఎరగను. స్నానానికి పోయినా తలుపు చిలక్కు తగిలించుకుంటుంది. ఎర్ర గుడ్డ సంచి, అంచులు నూనె పట్టి నల్లబడిపోయి ఉంటాయి. అది చూస్తే కొడుకు నమ్మడా!

ఆమె తనే ముడి విప్పబోయింది. వేళ్లు ఆడలేదు. నేను విప్పాను. "ఊరికే పంపొద్దే. ఆకు పెట్టు" అంది. లేత ఆకులు తుడిచి, వక్కలు పెట్టి, సున్నం డబ్బీ సర్ది, సంచి నిండుగా చేసి లక్ష్మన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చొక్కా లోపల, గుండెకు ఆనించుకుని పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చాడు. ఒక్కడే. బండి స్టాండు వేసి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లడిగి, చాలాసేపు కడుక్కున్నాడు. ఏం జరిగిందో నేను ఒక్కో మాటా లాగి లాగి తెలుసుకోవాల్సి వచ్చింది. గేటు దగ్గరే హనుమేష్ ఆపేశాడట. ఈయన వదలక అరిస్తే, మేడ మీద నుంచి మా ఆయన దిగి వచ్చాడట. వెనక సభ్యులందరూ. లక్ష్మన్న చెప్పింది విని నవ్వాడట.

"ఏమన్నాడు?" అన్నాను.

"నాలుగేండ్లు ఆగి తీర్చుకుంటాండావా లక్ష్మన్నా, అన్న్యాడు. అందురూ నగినారు."

"సంచి చూపించలేదా?"

"చూపించినా. చేతిలోకి తీసుకున్న్యాడు. ఎవరి సంచో తెచ్చి మాయమ్మది అంటే నమ్మేటోణ్నా అన్న్యాడు." లక్ష్మన్న తలెత్తి నన్ను చూశాడు. "తిరిగి ఇయ్యమంటే మాత్రం ఇయ్యల్యా వదినా. జేబులో పెట్టుకుని పైకి పాయ."

లోపల నుంచి మా అత్త పిలిచింది. మాటలు వినపడ్డాయేమోనని నాకు భయం. లక్ష్మన్న పోయి మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. వస్తానన్నాడా అని అడిగిందామె. "వస్తానన్న్యాడు పెద్దమ్మా. రేపు చేతులెత్తేది అయితానే నేరుగా ఈడికే" అన్నాడు. అబద్ధం ఆడటం రాని మనిషి, తడుముకోకుండా ఆడాడు.

"సంచి తీసుకున్న్యాడా?"

"తీసుకున్న్యాడు."

"ఆకు తిన్న్యాడా?"

లక్ష్మన్న దుప్పటి అంచు సర్దాడు. ఆమే నవ్వినట్టు పెదాలు కదిపి, "వానికి పడదు లే" అంది. తర్వాత మాట్లాడింది లేదు. పిల్లలు వచ్చి జేజీ జేజీ అని పిలిస్తే కళ్లు తెరిచి చూసింది. తెల్లవారి, కోళ్లు దిగే వేళకు, నా చేతిలోనే పోయింది. చూపు వాకిలి వైపే ఉంది. నేనే మూశాను ఆ కళ్లు.

ఊరు చేరింది. మండలాఫీసుకు మనిషిని పంపుదామని పెద్దవాళ్లు అన్నారు. పదకొండు గంటలకు కదా చేతులెత్తేది, మెట్ల దగ్గరే పట్టుకుని చెప్పొచ్చని. నేను వద్దన్నాను. ఆయన చెప్పొద్దన్నాడు, ఎవరూ చెప్పొద్దు, అయిపోయినాక ఆయనే వస్తాడు, అంతవరకూ ఆమెను ఎత్తేది లేదు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఎదురు చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

లక్ష్మన్న పాడె కట్టడానికి బొంగులు కోసుకొచ్చాడు. తాడు పేనుతూ ఉండగా అవతలి వాళ్ల జీపు వచ్చి మా ఇంటి ముందరే ఆగింది. ఆయన కోసం ఇల్లూ చేనూ వెతికి వచ్చారు. పద పద, టైమైపోతోంది, నీ చెయ్యి ఒక్కటే తక్కువ అని తొందర పెట్టారు. లక్ష్మన్న లేవలేదు.

"పెద్దమ్మను మట్టి చేసినాక వస్తా" అన్నాడు.

అంతలోకి అన్నీ అయిపోతాయి కదప్పా అని వాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. ఆ ఓబుళేశు నీకు చేసింది మరిచావా అన్నారు. పోయినసారీ తల్లి పేరు చెప్పే నిన్ను ఆపాడు, ఈసారీ అంతే అయ్యిందే అని ఒకడు తల బాదుకున్నాడు.

"పోయినసారి అబద్ధంరా. ఇది నిజం" అన్నాడు లక్ష్మన్న. తాడు పేనడం ఆపలేదు. వాళ్లు కాసేపు చూసి, శవం ఉన్న ఇంటి ముందు ఇంక గట్టిగా మాట్లాడలేక జీపెక్కి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి ఊరి బయట డప్పులు మొదలయ్యాయి. టపాకాయలు. అవిశ్వాసం వీగిపోయిందని అప్పుడే తెలిసింది మాకు. ఒక్క చెయ్యి తక్కువై. ఇంటి ముందు కూర్చున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డప్పులు బడి దాకా వచ్చాయి, ప్రెసిడెంటుకు జై అన్న కేకలు వినపడ్డాయి, అక్కడ ఠక్కున ఆగిపోయాయి. ఎవరో ఎదురెళ్లి చెప్పి ఉంటారు.

ఆయన నడిచే వచ్చాడు. మెడలో దండలు ఎవరు తీసేశారో తెలియదు, చొక్కా మీద బంతిపూల రెక్కలు అంటుకుని ఉన్నాయి, జుట్టులో గులాల్. వెనక హనుమేష్ తల వేలాడేసుకుని. జనం దారి ఇచ్చారు. ఆయన తల్లి కాళ్ల దగ్గర కూలబడి, రెండు పాదాలూ పట్టుకుని, "అమ్మా" అని నోరు తెరిచాడు.

నోరు ఎర్రగా ఉంది. పెదాలు, పళ్లు, నాలుక, అంతా. ఆకు వాసనే పడని మనిషి.

నేను చూశాను. ఇంకెవరైనా చూశారేమో నాకు తెలియదు.

మా వాళ్లల్లో ఎత్తే ముందు పెద్దదాని నోట్లో కొడుకు చేత్తో ఆకూ వక్కా పెట్టించాలి. నేను చెయ్యి చాపి సంచి ఇవ్వమన్నాను. ఆయన జేబులో నుంచి తీసి, నా ముఖంలోకి చూడకుండా ఇచ్చాడు. విప్పితే లోపల ఏమీ లేదు. ఒక్క ఆకు లేదు, ఒక్క వక్క పలుకు లేదు. సున్నం డబ్బీ మాత్రం ఉంది. నేను నిండుగా నింపి పంపిన సంచి అది. పడని మనిషి రాత్రంతా కూర్చుని, ఎన్నిసార్లు వాంతి చేసుకున్నాడో ఏమో, అదంతా తిన్నాడు.

అప్పటిదాకా నేను ఒకటి అనుకుంటున్నాను. లక్ష్మన్నను చూసి, పగతో వచ్చాడనుకుని, తను తవ్విన గోతిలో తనే పడి మోసపోయాడని. మోసపోయినవాడి మీద ఎంత కోపమొచ్చినా ఎన్నాళ్లుంటుంది! మొగుడే కదా, ఏడ్చి తిట్టి ఎప్పటికో సర్దుకునేదాన్ని. ఆయన మోసపోలేదు. సంచి చేతిలో పడగానే తెలిసిపోయింది ఆయనకు. తెలిసీ అందరి ముందూ నవ్వి, పైకి పోయి, తెల్లవారిందాకా కూర్చున్నాడు. హోస్పేట నుంచి మా ఊరు ఎంత దూరం, లక్ష్మన్న ఒక్క పగటిలో పోయి వచ్చాడు.

ఉరుకుందమ్మ లేచి వచ్చి, తన సంచి విప్పి, అందులోని ఆకులన్నీ మా అత్త సంచిలోకి వంచింది. ఒకటి తీసి మా ఆయన చేతికిచ్చింది. అది ఆయన వేళ్ల సందు నుంచి జారి కింద పడింది. ఇంకొకటి ఇచ్చింది. తల్లి నోట్లో పెట్టాడు. నేను సంచి ముడేసి ఆమె నడుముకు కట్టాను. ముందు ఎడమవైపు మా ఆయన, కుడివైపు లక్ష్మన్న పాడె ఎత్తుకున్నారు. బడి ముందు నుంచే తీసుకుపోయాం. ఆ గోడ వచ్చినప్పుడు నేను తల అటు తిప్పలేదు.

మట్టి చేసి వచ్చిన రాత్రి ఆయన మంచం పక్కన కింద కూర్చుని, "మహాదేవీ, సంచి యాడ పెట్టినావు?" అని అడిగాడు. అమ్మకే కట్టి పంపినానని చెప్పాను. ఇంకేమైనా అంటాడేమోనని చాలాసేపు చూశాను. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే నిజమే చెప్తాడని భయం.

ఇప్పుడు మళ్లీ ఎన్నికలంటున్నారు. పొద్దున్నే వచ్చి, ఈసారి జడ్పీకి నిలబడన్నా అంటున్నారు హనుమేష్ వాళ్లు. ఈయన ఔననడు, కాదనడు. వాళ్లకు నేను టీ ఇచ్చి లోపలికి వస్తాను. లక్ష్మన్న మాత్రం నామినేషన్ మాటెత్తితే దండం పెట్టి ఎద్దుల దగ్గరికి పోతున్నాడట.

ఒక్కటి మారింది. ఆయన ఇప్పుడు ఫోన్ ఆపడు. స్నానానికి పోయినా కిటికీలో పెట్టుకుంటాడు, పడుకుంటే తల కింద. ఎవరి నంబరైనా సరే, మొదటి మోతకే ఎత్తి, "చెప్పు, ఏమైంది?" అంటాడు. అటువైపు ఎవరో కరెంటు గురించో పింఛను గురించో చెప్తారు. ఆయన అంతా వింటాడు. ఓబులా అని పిలిచే మనిషి ఆ ఫోన్లో ఏనాడూ మాట్లాడింది లేదు, ఆమెకు ఫోన్ పట్టుకోవడమే రాదు. అయినా ఎత్తుతూనే ఉన్నాడు.